రాలిన ఆకుల కింద బండ్లబాట

అక్టోబరు మూడో శనివారం పొద్దున పదింటికి షెనాండోవా నేషనల్ పార్కు థార్న్‌టన్ గ్యాప్ గేటు దగ్గర కార్ల వరుస చూస్తే నాకు అలిపిరి టోల్‌గేటు గుర్తొస్తుంది. ఉత్తర వర్జీనియాలో ఉండే తెలుగువాళ్లలో సగం మంది ఆ రోజు అక్కడే ఉంటారని నా అనుమానం. డిక్కీలో పులిహోర డబ్బా, పెరుగన్నం, ఆవకాయ, పేపరు ప్లేట్ల కట్ట. వెనక సీట్లో ఇండియా నుంచి వచ్చిన అత్తగారో మామగారో, చెవులకు మఫ్లరు చుట్టుకుని. గేటు దాటితే స్కైలైన్ డ్రైవ్. కొండల వీపు మీద 105 మైళ్ల రోడ్డు. గంటకు 35 మైళ్లకు మించి పోకూడదు. పొడవునా దాదాపు 70 ఓవర్‌లుక్‌లు, అంటే కారు ఆపుకుని కిందికి చూడటానికి కట్టిన చోట్లు. ఆపడం, దిగడం, రాతి గోడ మీద పిల్లల్ని కూర్చోబెట్టి ఫోటో తీయడం, మళ్లీ ఎక్కడం. మధ్యాహ్నానికి ఎనిమిది ఓవర్‌లుక్‌లు అయిపోతాయి, పులిహోరా అయిపోతుంది.

ఎగతాళికి అనడం లేదు, నేనూ ఆరేళ్లు అదే చేశాను. ఆ రంగులు చూసి నోరు తెరవని మనిషిని నేనింకా చూడలేదు. మొదట బ్లాక్ గమ్ చెట్లు ఎర్రబడతాయి. వాటి వెనకే మేపుల్స్. ట్యులిప్ పోప్లర్ నిండా పసుపు, హికరీ తేనె రంగు. ఓక్ చెట్లు మాత్రం చివరిదాకా బెట్టు చేసి, చివరికి ఇటుక రంగుకు దిగుతాయి. ఆకులో పసుపు కొత్తగా పుట్టదు, వసంతం నుంచీ అందులోనే ఉంటుంది. వేసవంతా పత్రహరితం దాన్ని కప్పేస్తుంది. పగలు తగ్గి చలి మొదలయ్యేసరికి చెట్టు పత్రహరితం తయారీ ఆపేస్తుంది, ఉన్నది విరిగిపోతుంది, అడుగున ఉన్న పసుపు బయటపడుతుంది. ఎరుపు సంగతి వేరు. దాన్ని చెట్లు ఆకులో మిగిలిన చక్కెరతో అప్పటికప్పుడు తయారు చేసుకుంటాయి.

ఓవర్‌లుక్ దగ్గర నిలబడ్డ ప్రతి ఒక్కరూ, అన్ని భాషల్లోనూ, ఒకే మాట అంటారు. "అబ్బ, మనిషి చెయ్యి పడని అడవి!" నేనూ అన్నాను, చాలాసార్లు. ఆ మాట తప్పని నాకు తెలిసింది దారి వదిలి నడిచినందువల్ల. నడిచానంటే ఏదో గొప్ప సాహసం అనుకునేరు. తెలివితక్కువ పని చేసి ఇరుక్కున్నాను, అంతే.

ఆరేళ్ల కిందటి మాట. నవంబరు మొదటి ఆదివారం. రంగుల సీజన్ అయిపోయింది, కార్లు లేవు. థార్న్‌టన్ గ్యాప్‌కి దక్షిణాన, తూర్పు వైపు చూసే ఒక ఓవర్‌లుక్ నుంచి చూస్తుంటే, కింద కొండ భుజం మీద చెట్ల మధ్య బూడిదరంగు బండ ఒకటి బయటికి పొడుచుకు వచ్చి కనిపించింది. అక్కడ కూర్చుంటే ఎదురుగా ఓల్డ్ ర్యాగ్ శిఖరం, దాని వెనక మైదానం, మధ్యలో ఒక్క రోడ్డూ ఉండదు. మ్యాపులో చూస్తే అక్కడికి ట్రైల్, అంటే పార్కువాళ్లు వేసిన నడకదారి, లేదు. దగ్గర్లో పోయే ట్రైల్ నుంచి ఆరేడు వందల గజాలు ఉంటుందేమో. ఓల్డ్ ర్యాగ్ అప్పటికే జనంతో కిటకిటలాడేది. 2022లో దానికి టికెట్టు కూడా పెట్టారు, రోజుకు 800 మందికే. నాకు ఎవరూ లేని బండ కావాలి. నిజం చెప్పాలంటే, ఎవరి దగ్గరా లేని ఫోటో కావాలి.

మధ్యాహ్నం మూడున్నరకి ట్రైల్ దిగాను.

దారి లేని అడవిలో నడవడం గురించి ఎవరూ ముందుగా చెప్పని సంగతి ఒకటుంది. ఆకులు రాలాక చెట్ల మధ్య చూపు బాగా సాగుతుంది, కానీ కాలి కింద ఏముందో అస్సలు కనిపించదు. మోకాలి ఎత్తు ఎండుటాకుల కింద రాళ్లు, రాళ్ల మధ్య గుంతలు. ప్రతి అడుగూ జూదమే. గ్రీన్‌బ్రయర్ అని ఒక ముళ్లతీగ ఉంటుంది, ప్యాంటు పట్టుకుంటే మన రేగుముల్లు లాగే వదలదు. మౌంటెన్ లారెల్ పొదల్లో దూరితే కొమ్మలు ఒకదానిలో ఒకటి పెనవేసుకుని, పది గజాలకు పది నిమిషాలు పడుతుంది. పిడుదుల సంగతి చెప్పనే లేదు. చలి మొదలైతే అవి పోతాయనుకుంటారు చాలామంది. లైమ్ జబ్బు అంటించే రకంలో ఎదిగిన పిడుదులు శరత్కాలంలోనే చురుగ్గా ఉంటాయి.

బండ దొరికింది. నాలుగుంపావు. ఓల్డ్ ర్యాగ్ ఎదురుగా, అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. రాలగా మిగిలిన ఓక్ ఆకుల మీద చివరి వెలుగు. ఫోటోలు తీశాను, ఫ్లాస్కులో టీ తాగాను, నా అంతటివాడు లేడనుకున్నాను. అప్పుడు వెలుగు పోయింది. ఒక్కసారిగా, ఎవరో స్విచ్ ఆపినట్టు.

రెండు విషయాలు మర్చిపోయాను. నేనున్నది తూర్పు వాలు మీద, సూర్యుడు నా వెనక కొండ చాటుకి పోతాడు, అసలు సూర్యాస్తమయం కంటే ముందే. రెండోది, ఆ ముందు రాత్రే గడియారాలు గంట వెనక్కి తిరిగాయి, చలికాలం ముందు ఇక్కడ ఏటా అలా తిప్పుతారు. నిన్నటిదాకా ఆరు దాటాక పొద్దుగూకేది, ఈ రోజు అయిదుంపావులోపే. నా ఫోను తన టైము తానే మార్చుకుంది, నా బుర్ర మార్చుకోలేదు.

వచ్చిన దారినే పైకి పోదామంటే వచ్చిన దారి ఏదో తెలిస్తే కదా. ఆకుల మీద అడుగులు పడవు. ఫోన్లో సిగ్నల్ లేదు, చార్జింగు పదకొండు శాతం. లారెల్ పొదలు తప్పించుకుందామని పక్కకి నడిచాను, నడుస్తూ కిందికి దిగిపోయాను, దిగుతూ ఒక గుంతలో కాలు పెట్టాను. చీలమండ మెలిక పడింది. అక్కడే కూర్చుండిపోయాను. చుట్టూ చీకటి, ఎక్కడో నీళ్ల చప్పుడు. నీళ్ల వెంబడి కిందికి పోతే ఊరొస్తుందని చిన్నప్పుడు కథల్లో చదువుకున్నాం కదా. ఈ కొండల్లో నీళ్ల వెంబడి పోతే జలపాతం వస్తుంది. ఊరు రాదు. ఆ మాత్రం తెలుసు కాబట్టి కదలలేదు.

చెయ్యి ఆనించడానికి పక్కన ఒక రాయి దొరికింది. దాని పక్కన ఇంకొకటి. దాని మీద ఇంకొకటి. ఫోను టార్చి వేసి చూస్తే గోడ. నడుము ఎత్తు, సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడ, వంకర లేకుండా వాలుకి అడ్డంగా పోతోంది. దాన్ని పట్టుకుని నడిచాను, అక్షరాలా పట్టుకునే. ఓ వంద గజాల తర్వాత గోడ పక్కన నేల మారింది. ఎనిమిది అడుగుల వెడల్పు, కొంచెం లోతుగా కుంగిన పట్టీ, కింది వైపు రాళ్ల కట్టు. దాని వాలు ఎంత మెత్తగా ఉందంటే, నా చీలమండ కూడా ఒప్పుకుంది.

ఆ నేలని నా కాళ్లు గుర్తుపట్టాయి. అది బండ్లబాట.

ఎలా తెలిసిందో చెప్పాలంటే కర్నూలు జిల్లాకి పోవాలి. మా అమ్మ పుట్టిన ఊరు కృష్ణ ఒడ్డున ఉండేది. 1981 నుంచి శ్రీశైలం రిజర్వాయరు నీళ్ల కింద ఉంది. అదొక్కటే కాదు, రెండు ఒడ్లూ కలిపి వంద దాకా ఊళ్లు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపూరు తెచ్చి మళ్లీ కట్టారు. సప్తనదుల సంగమేశ్వరం గుడి మాత్రం ఉన్న చోటే ఉండిపోయింది. ఏటా మునుగుతుంది, నీళ్లు తగ్గితే లేస్తుంది, పూజారి మళ్లీ దీపం పెడతాడు. నాకు పదేళ్లప్పుడు ఒక ఎండాకాలం నీళ్లు బాగా వెనక్కి పోయాయి. అమ్మ నన్ను తీసుకెళ్లింది. పగుళ్లు పారిన బురద, మొండి గోడల పునాదులు, ఒక చింత మొద్దు. చూడటానికి ఏమీ లేదు. అమ్మ చెప్పులు విడిచి ఆ ఎండిన బురద మీద నడుస్తూ, "ఇది బండ్లబాట. కాళ్లకి తెలుస్తాది సూడు, రెండు పక్కలా గట్టిగుంటాది, నడుమ మెత్తగుంటాది" అంది. ఆ బాట పట్టుకుని పోయి, ఎడమకి తిరిగి, పద్నాలుగు అడుగులు లెక్కపెట్టి, "ఇదీ మా గడప" అని నిలబడింది. అక్కడ గడప లేదు. మా అమ్మ నిలబడింది కాబట్టి ఉంది.

అలాంటి బాటే షెనాండోవాలో, రాలిన ఆకుల కింద. ఎద్దులో గుర్రాలో బరువు లాగలేనంత ఏటవాలుగా అది ఎక్కడా లేదు. వంపు తిరిగే చోట వెడల్పవుతుంది. ముప్పావుగంట కుంటుకుంటూ నడిస్తే చెట్టు మీద పసుపు గీత కనిపించింది. ఈ పార్కులో తెల్ల గీత అంటే అపలాచియన్ ట్రైల్, నీలం అంటే మామూలు నడకదారి, పసుపు అంటే గుర్రాలు కూడా పోగలిగే దారి. అక్కడి నుంచి కారు దాకా ఇంకో గంటన్నర. మా ఆవిడ ఆ రాత్రి నాతో మాట్లాడలేదు. రెండు రోజుల తర్వాత మాట్లాడింది, ఆ మాటలు ఇక్కడ రాయను.

చీలమండ కట్టు కట్టుకుని ఇంట్లో కూర్చున్న వారంలో నాకు పట్టిన పురుగు ఒక్కటే. ఆ బండ్లు ఎవరివి?

జవాబు ఎవరూ దాచిపెట్టలేదు. పార్కు విజిటర్ సెంటర్లోనే గోడ మీద ఉంది. ఆరేళ్లుగా నేను దాని పక్క నుంచి రెస్ట్‌రూముకి వెళ్లొస్తున్నాను, అంతే. 1926లో అమెరికా కాంగ్రెస్ ఈ పార్కుకి అనుమతి ఇచ్చింది, కానీ భూమి కొనడానికి డబ్బు ఇవ్వనంది. రాష్ట్రమే భూమి సేకరించి కేంద్రానికి అప్పజెప్పాలి. వర్జీనియా 1928లో ఒక చట్టం చేసింది. ఒక్కొక్క రైతుతో బేరం లేకుండా, మొత్తం భూమిని ఒకే దెబ్బలో స్వాధీనం చేసుకునే చట్టం. వెయ్యికి పైగా కమతాలు. దాదాపు 500 కుటుంబాలు కొండ దిగాయి. 1935 డిసెంబరు 26న పార్కు ఏర్పడింది, 1936 జులై 3న ప్రెసిడెంటు రూజ్‌వెల్ట్ బిగ్ మెడోస్ దగ్గరికి వచ్చి ప్రారంభోత్సవం చేశారు. ఉపాధి పథకం కింద వచ్చిన కుర్రాళ్లు, సీసీసీ అంటారు, ఓవర్‌లుక్‌ల రాతి గోడలు కట్టారు. పిల్లల్ని కూర్చోబెట్టి మనం ఫోటోలు తీసే గోడల్లో వాళ్లు కట్టినవి ఎన్నో. ఖాళీ అయిన ఇళ్లు చాలావాటిని కూలగొట్టిందీ వాళ్లే. కొందరు ముసలివాళ్లని బతికినన్నాళ్లు ఉండనిచ్చారు. వాళ్లలో చివరి మనిషి 1979లో పోయింది.

అంటే ఓవర్‌లుక్ నుంచి మనం చూసే "మనిషి చెయ్యి పడని అడవి"లో ఎన్నో చోట్లు తొంభై ఏళ్ల కిందట మొక్కజొన్న చేను, పశువుల బీడు, ఆపిల్ తోట. ఆ చెట్ల వయసు మన తాతల వయసు, అంతే. పైనించి చూస్తే ఆకులు అన్నిటినీ కప్పేస్తాయి.

ఇంకో విడ్డూరం ఉంది. 1964లో అమెరికా వన్యప్రాంతాల చట్టం చేసింది. ఆ చట్టం ప్రకారం వన్యప్రాంతం అంటే మనిషి వచ్చి పోయే అతిథి మాత్రమే అయిన చోటు, ఉండిపోయే చోటు కాదు. 1976లో షెనాండోవాలో దాదాపు 80,000 ఎకరాల్ని ఆ చట్టం కింద వన్యప్రాంతంగా ప్రకటించారు. ఆ ఎకరాల్లోనూ పాత ఇళ్ల పొగగూళ్లున్నాయి, సమాధులున్నాయి. పార్కు మొత్తంలో వందకు పైగా శ్మశానాలున్నాయి. ఉండిపోవడానికే వచ్చి, నిజంగానే ఉండిపోయిన మనుషులవి అవన్నీ.

ఇక్కడికి వచ్చేసరికి నా తెలుగు హైకింగ్ మిత్రులు ఒక వాదన తీస్తారు. వాళ్లలో ఒకాయన ట్రైల్ మీద అడుగు పక్కకి వేస్తే కేకలేసే రకం. "నువ్వు ఒక్కడివి పోతావు, నీ వెనక పదిమంది, వాళ్ల వెనక వంద. ఆర్నెల్లలో అక్కడ కొత్త దారి పడుతుంది, వాన పడితే మట్టి కొట్టుకుపోతుంది. ట్రైల్ వేసిందే మిగతా అడవిని కాపాడటానికి." ఇది గట్టి వాదన. నేను దీన్ని తేలిగ్గా తీసుకోను. తీసుకోకపోవడానికి ఒక చిన్న ప్రాణి కారణం. షెనాండోవా సాలమాండర్ అని, కప్పలకి చుట్టం, చూడటానికి బల్లిలా, చూపుడువేలంత ఉంటుంది. ప్రపంచం మొత్తం మీద మూడే మూడు శిఖరాల మీద, హాక్స్‌బిల్, స్టోనీ మ్యాన్, ది పినకల్స్ ఉత్తరపు వాలుల రాళ్ల గుట్టల్లో బతుకుతుంది. ఊపిరితిత్తులు లేవు, తడిగా ఉండే చర్మంతోనే ఊపిరి పీలుస్తుంది. 1989లో అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చారు. ఫోటో కోసం బండ అంచుకి పోయే మనిషి, నాలాంటి మనిషి, కదిలించే ప్రతి రాయి కిందా ఏదో ఒక ప్రాణి ఇల్లు ఉంటుంది. ఆ రోజు నేను ఎన్ని రాళ్లు దొర్లించానో నాకు తెలియదు.

అందుకే బండల జోలికి నేనిప్పుడు పోను. ఎత్తైన చోట, రాతి అంచుల మీద, ఉత్తరపు వాలుల్లో దారి వదలడానికి నా దృష్టిలో ఏ సాకూ చాలదు. అక్కడి మొక్కలు, నాచు ఒక్క బూటు అడుగుకి పోతే తిరిగి రావడానికి ఏళ్లు పడుతుంది. అక్కడ నా మిత్రుడే గెలిచాడు. కానీ ఆయన వాదన రెండో సగం ఒకటుంది, దాంతోనే నాకు తగువు. "ట్రైల్ మీద అన్నీ కనిపిస్తాయి కదా, పక్కకి పోవాల్సిన పనేంటి?" అంటాడు. అన్నీ కనిపించవు. ట్రైల్ ఎక్కడ వేయాలో, ఎక్కడ ఆపాలో, ఏ చెట్టు కొట్టి ఏ లోయని చూపించాలో ఎవరో నిర్ణయించారు. ఓవర్‌లుక్ ముందు చెట్లు ఎదిగి చూపుకి అడ్డం వస్తే వాటిని కొట్టేస్తారు కూడా. అది తప్పని అనను. దేవుడి దర్శనం క్యూలో లాగా, ఎక్కడ నిలబడితే ఏం కనిపిస్తుందో ముందే ఏర్పాటైన చూపు అది. ఆ చూపులో మనుషులు లేరు. లేకుండా ఏర్పాటు చేశారు.

ఈ ట్రైల్స్‌లో కొన్ని పాత బండ్లబాటల మీదే వేశారు. ఉన్న ఊరి దారిని కొంత ఉంచి, కొంత వదిలేస్తే, ఉంచిందే "ట్రైల్" అయింది, వదిలేసింది "ఆఫ్-ట్రైల్" అయింది. నేను దారి తప్పాననుకున్న చోట దారి ఉంది. మ్యాపులో లేదు, అంతే.

రెండేళ్ల కిందట ఇండియా వెళ్లినప్పుడు నల్లమలలో ఇదే సంగతి తిరగేసి చూశాను. అమ్రాబాద్ టైగర్ రిజర్వులో సఫారీ జీపు ఫర్హాబాద్ వ్యూ పాయింటు దాకా తీసుకెళ్తుంది. అక్కడా చుట్టూ ఉన్నవాళ్లు అదే మాట, మనిషి చెయ్యి పడని అడవి. మా గైడు చెంచు కుర్రాడు, ఇరవై రెండేళ్లు ఉంటాయేమో. అందరూ పులి కనిపిస్తుందేమోనని దూరంగా చూస్తుంటే అతను దగ్గర్లో కొండ పక్కన ఒక నెర్రె చూపించి, "మా తాత ఆడికి దిగి తేనె తీసేటోడు సార్" అన్నాడు. శ్రీశైలం రోడ్డు మీద ఊళ్ల పేర్లు చూడండి. దోమలపెంట లాంటి పేర్లు. పెంట అంటే చెంచుల గూడెం. పేర్లు చెబుతూనే ఉన్నాయి. పులుల కోసం కోర్ ఏరియాలోని పెంటల్ని బయటికి పంపే మాట ఇప్పుడూ నడుస్తోంది. ఇంకో తొంభై ఏళ్ల తర్వాత అక్కడ ఎవడైనా దారి వదిలి నడిస్తే వాడికి రాతి గోడ కూడా దొరకదు. గడ్డి గుడిసెలు మట్టిలో కలిసిపోతాయి.

నన్ను నేను ఆపుకోవాలి, లేకపోతే ఈ వ్యాసం అన్యాయంగా తయారవుతుంది. షెనాండోవా పార్కు రాకపోతే ఆ కొండల మీద ఈపాటికి ఏముండేది? రిసార్టులు, విల్లాలు, మా యాష్‌బర్న్ తరహాలో డేటా సెంటర్లు. దాదాపు కనుమరుగైన ఎలుగుబంట్లు పార్కు వచ్చాకే తిరిగొచ్చాయి. ఆ రంగులు, ఆ నీళ్లు, ఊరి మధ్య తరగతివాడు కారేసుకుని పోయి చూడగలిగే ఆ ఆకాశం, ఇవన్నీ ఆ ఖాళీ చేయించడం వల్లే మిగిలాయి. ఇంకా వెనక్కి పోతే, ఆ కొండ రైతులు కూడా ఖాళీ నేల మీదికి రాలేదు. వాళ్లకి ముందు ఆ ప్రాంతమంతా మొనాకన్, మనహోక్ తెగలవాళ్లది. వాళ్లకి ఎవరూ పొగగూడు కూడా మిగల్చలేదు. కాబట్టి కొండ రైతుల్ని దేవుళ్లని చేసి దండం పెట్టే ఉద్దేశం నాకు లేదు. ఇక్కడ ఏం జరిగిందో తెలిసి చూడటం, తెలియకుండా చూడటం ఒకటి కావని మాత్రమే నా గొడవ. ఆ తేడా కళ్లకి తెలిసేది దారి పక్కన. సైన్‌బోర్డు చదివి తెలుసుకోవచ్చు కదా అంటారా? నేను ఆరేళ్లు చదవలేదు. మీరు చదివారా?

ఇప్పుడు నా లెక్క మారింది. అక్టోబరు మూడో వారం జనానికి వదిలేశాను. నవంబరు రెండో వారం నుంచి మార్చి దాకా నా సీజన్. ఆకులు పూర్తిగా రాలితే గోడలు బయటపడతాయి. పొద్దున్నే మొదలుపెట్టి మధ్యాహ్నం రెండుకల్లా ట్రైల్ మీదికి వచ్చేస్తాను. తలకి లైటు, కాగితం మ్యాపు, దిక్సూచి. ఎక్కడికి పోతున్నానో, ఎన్నింటికి వస్తానో ఫ్రిజ్ మీద రాసి పెడతాను, అది మా ఆవిడ పెట్టిన షరతు. నాతో ఇంకొకరు, మహా అయితే ఇద్దరు. శిఖరాల మీదికి కాదు, లోయల్లోకి. ఇక్కడ వాటిని హాలో అంటారు, నికల్సన్ హాలో, కార్బిన్ హాలో, వీక్లీ హాలో. మన కోన లాంటి మాట. మనుషులు కోనల్లోనే ఉండేవాళ్లు, నీళ్లు అక్కడే కదా.

వెతకడం కూడా నేర్చుకున్నాను. ఎండిన గోధుమరంగు అడవిలో చలికాలంలో కూడా పచ్చగా నేల మీద పాకే తీగ కనిపిస్తే ఆగాలి. అది వింకా, మన బిళ్లగన్నేరుకి దూరపు చుట్టం. ఇళ్ల దగ్గర, సమాధుల మీద ఆ జనం నాటుకునేవాళ్లు. మన దగ్గర కూడా సమాధుల పక్కన బిళ్లగన్నేరు చూశాను, దీనికి కారణం ఎవరైనా వృక్షశాస్త్రం తెలిసినవాళ్లు చెప్పాలి. తీగ మధ్యలో నిలబెట్టిన చిన్న చిన్న రాళ్లుంటాయి, ఒక్క అక్షరం చెక్కకుండా. తక్కువ ఎడంలో రెండు రాళ్లుంటే అది పిల్లల సమాధి. మొదటిసారి చూసినప్పుడు చాలాసేపు అక్కడి నుంచి రాలేకపోయాను.

చెస్ట్‌నట్ పిలకలు ఇంకో గుర్తు. ఒకప్పుడు ఈ కొండల నిండా ఆ చెట్లే ఉండేవి. జనం కాయలు ఏరి అమ్ముకునేవాళ్లు, బెరడు తోళ్లు ఊనడానికి పోయేది. 1904లో న్యూయార్కులో బయటపడిన ఒక శిలీంధ్రపు తెగులు కొన్ని దశాబ్దాల్లో ఆ చెట్లని తుడిచిపెట్టేసింది. వేరు మాత్రం చావలేదు. పాత మోడు నుంచి ఇప్పటికీ పిలక లేస్తుంది, పదీ ఇరవై అడుగులు ఎదుగుతుంది, తెగులు సోకి చస్తుంది, మళ్లీ ఇంకో పిలక. కొండ జనాన్ని దించేనాటికే వాళ్ల ఆదాయంలో పెద్ద భాగం ఈ తెగులు తినేసింది. "ఎలాగూ బతకలేకపోతున్నారు, దించితే వాళ్లకే మంచిది" అన్న మాట అప్పుడు బాగా నడిచింది. ఈ మాట నేను తెలుగులో కూడా విన్నాను.

దొరికినవి ఏవీ తీసుకోను. పగిలిన నీలం సీసా, బకెట్టు అడుగు, చెప్పు మేకు, ఏదైనా సరే. పార్కులోంచి అలాంటివి తేవడం నేరం కూడా. లొకేషన్ ఎవరికీ చెప్పను. ఆ బండ ఫోటో ఇప్పటికీ నా ఫోన్లో ఉంది, ఎక్కడా పెట్టలేదు. చెడ్డ ఫోటో ఏమీ కాదు.

కిందటేడు అమ్మ వచ్చింది, వీసా మీద ఆర్నెల్లకి. నవంబరులో ఒక రోజు ఎండ బాగుంటే స్కైలైన్ డ్రైవ్ తీసుకెళ్లాను. ఓవర్‌లుక్ దగ్గర దిగి చూసి, "బాగుంది నాయనా, శానా బాగుంది. అన్నీ ఎండిపోయినాయే" అంది. రంగులు అయిపోయాయని, వచ్చే ఏడు అక్టోబరులో రమ్మని చెప్పాను. తర్వాత కారు ఇంకో మూడు మైళ్లు పోనిచ్చి, ఒక పాత దారి పక్కన ఆపి, "అమ్మా, అరమైలు నడవగలవా? నున్నగానే ఉంటుంది" అన్నాను. మోకాళ్ల నొప్పులు. నడుస్తానంది.

ట్రైల్ నుంచి పక్కకి తిరిగి ఆకుల్లో అడుగుపెట్టగానే ఆగిపోయింది. "యాడికి తీస్కపోతాండావురా?" అంది. నేనేం చెప్పలేదు. నాలుగడుగులు వేసింది. చెప్పులు కావు, నా పాత స్నీకర్లు వేసుకుంది. అయినా కింద నేల తెలిసినట్టుంది. ఇంక నన్ను అడగకుండా తనే ముందు నడిచింది, వంపు దగ్గర ఎటు తిరగాలో కూడా అడగలేదు.

పొగగూడు సగం నిలబడి ఉంది. నాలుగు మూలలా పునాది రాళ్లు. వెనక ఒక ఆపిల్ చెట్టు, ముసలిది, అయినా కింద నాలుగైదు పుచ్చు కాయలు రాలి ఉన్నాయి, అప్పటికే ఎలుగుబంట్లు తినగా మిగిలినవి. అమ్మ చుట్టూ తిరిగింది. ఒక చోట వెడల్పాటి పలక రాయి మీద ఆకులు కాలితో పక్కకి నెట్టి, దాని మీద నిలబడకుండా దాటింది. గడప తొక్కకూడదు కదా.

ఎవరిదిరా ఇది అని అడుగుతుందనుకున్నాను. పేర్లు, ఎక్కడికి పోయారో, అవన్నీ చెప్పడానికి తయారుగా ఉన్నాను. అమ్మ పొగగూడుకి వీపు ఆనించి, మోకాలు రుద్దుకుంటూ అడిగింది.

"ఎకరాకి ఎంతిచ్చినారంట?"

"చాలా తక్కువమ్మా. పట్టా ఉన్నోళ్లకే ఇచ్చారు. కౌలుకి చేసేవాళ్లకి, కాయితం లేనివాళ్లకి ఏమీ ఇవ్వలేదు."

అమ్మ తలూపింది, తెలిసిన జవాబు విన్నట్టు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆపిల్ చెట్టు దాకా పోయి, రాలినవాటిలో పుచ్చు లేనిది ఒకటి ఏరి, కొంగుతో తుడిచి, కొరికి చూసింది.

"పులుపు," అంది. "పచ్చడికి బాగుంటాది."